ఆ రాత్రి హేచరీ గడిలో కూర్చున్న మనిషి

ముందే చెప్తున్నాను, ఇది కట్టుకథ కాదు. నమ్మకపోతే లేచి పోయి పడుకోండి, నాకేం కోపం లేదు. మా అత్తగారి ఊళ్లో ఒట్టు వేయాలంటే చేపల వల మీద చెయ్యి పెడతారు. అలా చెయ్యి పెట్టి కూడా చెప్పేశాను. నా కళ్లతో చూశాను. నిద్రమత్తులో కాదు... జ్వరంలో కాదు... కళ్లు మండేంత మెలకువలో చూశాను.

నేను నెల్లూరులో ఒక చిన్న వెబ్‌సైట్ల ఆఫీసులో పని చేస్తాను. రైస్ మిల్లులు, లాడ్జీలు, కల్యాణ మండపాలు, కాలేజీలు... వీళ్లందరికీ మేమే సైట్లు తయారుచేసి, మేమే కాపలా కాస్తాం. ఆ కాపలా అంతా గోడకు బిగించిన ఒక పెద్ద తెర మీద జరుగుతుంది. కాగితాల మీద దాని పేరు డ్యాష్‌బోర్డు. మేం మాత్రం 'గోడ' అనే అంటాం. ఒక్కో సైటుకు ఒక్కో గడి. గడిలో ఆ సైటు మొదటి పేజీ చిన్న బొమ్మగా కనిపిస్తుంది. సైటు నడుస్తుంటే గడి చుట్టూ పచ్చ గీత. పడిపోతే ఎర్ర గీత, దాంతోపాటు 'టింగ్' మని ఒక చప్పుడు. మళ్లీ లేస్తే ఇంకో చప్పుడు, కొంచెం మెత్తగా. కొద్ది నిమిషాలకోసారి గోడ తనంతట తానే ప్రతి సైటునూ పలకరించి కొత్త బొమ్మ తెచ్చుకుంటుంది.

మా మధు సార్‌కు ఒక పద్ధతి ఉంది. సైటు పడిపోయినా సరే, గడి నల్లగా ఉండకూడదు. చివరిసారి తెచ్చిన బొమ్మ అలాగే ఉంచాలి. ఆఫీసుకు వచ్చే పార్టీలు నల్లటి గడులు చూసి బెదిరిపోతారని ఆయన బెంగ. అందుకే చేరిన రోజునే మాకు చెప్తారు, బొమ్మను నమ్మొద్దు, గీతను నమ్మండి అని. ఎర్ర గీత ఉంటే అది పాత బొమ్మ. పచ్చ గీత ఉంటే అది ఇప్పటి బొమ్మ. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, చాలు.

ఇక మా ఆయన సంగతి. పేరు రమణ. వాకాడు వైపు, సముద్రం ఒడ్డున, రొయ్య పిల్లల హేచరీలో టెక్నీషియన్. వారమంతా అక్కడే తన అమ్మానాన్నల దగ్గర ఉంటాడు. నేను నెల్లూరులో రూములో ఉంటాను. ఆదివారాలు కలుస్తాం. ఆ హేచరీ సైటు కూడా మా ఆఫీసుదే, నేనే మాట్లాడి తెచ్చిపెట్టాను. మిగతా సైట్లన్నీ ఎక్కడో దూరంగా పెద్ద కంపెనీల మిషన్లలో ఉంటాయి. ఇక్కడ ఎంత వాన పడినా వాటికి తడి అంటదు. హేచరీ ఓనరు మాత్రం మహా మొండి. "నా సైటు నా కళ్లెదురే ఉండాల" అని పట్టుబట్టి, మిషనును తన షెడ్డులో, రొయ్య పిల్లల తొట్ల పక్కనే పెట్టించుకున్నాడు. పైన ఒక కెమెరా. పిల్లల్ని కొనేవాళ్లు ఎక్కడున్నా తొట్లు చూసుకోవచ్చు. ఆ సైటు తెరవగానే కనిపించేది ఆ షెడ్డే. కాబట్టి అక్కడ కరెంటు పోతే సైటూ పోతుంది. గడి పచ్చగా ఉందంటే అక్కడ కరెంటు ఉంది, కెమెరా చూస్తోంది.

ఒక్కోసారి ఆ గడిలో మా ఆయన బక్కెట్టు పట్టుకుని పోతూ కనిపించేవాడు. గోరంత మనిషి. నాతోపాటు రాత్రి డ్యూటీ చేసే కల్యాణి అక్క చూసిందంటే ఇక వదిలేది కాదు.

"మొగుణ్ని గోడకు తగిలించుకున్నావు గదమే! మా ఆయన యాడుండాడో నాకు దేవుడికి కూడా తెలీదు" అనేది.

ఆ రోజు తుఫాను. మధ్యాహ్నం నుంచే నెల్లూరులో ఆకాశం బూడిద రంగుకు తిరిగింది. సాయంత్రం మా ఆయన ఫోన్ చేశాడు. వెనక గాలి చప్పుడుకు సగం మాటలు వినపడలేదు.

"సుమా, ఓనరు అందర్నీ పొమ్మన్నాడు. నేను సామాన్లు సర్దేసి తాళమేసుకొని బండి మీద పోతా. చీకటి పడేలోపల ఇంటికాడ ఉంటా."

"పోయినాక ఫోన్ చెయ్యి. మర్చిపోయినావంటే చూడు."

"చేస్తాలేమే. నువ్వు అన్నం తిను."

చీకటి పడుతోంది. గోడ మీద 'టింగ్' మంది. హేచరీ గడికి ఎర్ర గీత వచ్చింది. కరెంటు తీసేశారన్న మాట, ఇక బయల్దేరి ఉంటాడు అనుకున్నాను. గడిలో సాయంత్రపు బొమ్మ అలాగే నిలిచిపోయింది. తొట్లు, మబ్బు వెలుతురు, ఇద్దరు పనివాళ్లు. పాత బొమ్మ. సరే.

ఫోన్ రాలేదు.

నేను చేశాను... స్విచాఫ్. మళ్లీ చేశాను... స్విచాఫ్. మా ఆయన నాన్నకు, అదే మా మామ పోలయ్యకు చేశాను. ఊళ్లో వాళ్లంతా తుఫాను షెల్టర్‌లో ఉన్నారు. సిగ్నల్ కోసం ఆయన మేడ మీద వానలో నిలబడి మాట్లాడుతున్నాడు.

"ఇంటికి రాలేదమ్మా. ఓనరు కారులో వాకాడు పొయుంటాడు. నిన్ననే అంటా ఉండినాడు, గాలి ఎక్కువైతే ఆడికే పోతామని. నువ్వు గమ్మునుండు, పొద్దున్నే వస్తాడు."

ఓనరుకు చేశాను. ఆయన ఫోన్ మోగలేదు. మామ మాట నిజం కావచ్చు. కారులో వెళ్లి ఉండవచ్చు. కానీ మా ఆయన చేస్తానన్న ఫోన్ చేయకుండా ఉండే మనిషి కాదు. వంద గొడవలున్నాయి మాకు, ఆ గొడవ మాత్రం ఎప్పుడూ లేదు. ఆయన కోసం ఎవరూ వెతకడం లేదు. అక్కడివాళ్లు వాకాడులో ఉన్నాడనుకుంటున్నారు. వాకాడులో ఉన్నాడో లేడో చెప్పేవాళ్లు లేరు.

బస్సులు ఆపేశారు కాబట్టి ఆ రాత్రి మేమిద్దరం ఆఫీసులోనే ఉండిపోయాం. కల్యాణి అక్క రెండు కుర్చీలు దగ్గరికి జరుపుకుని ముసుగు తన్నేసింది. కిటికీ అద్దాలు గడగడమంటున్నాయి. కింద ఎక్కడో రేకు ఒకటి ఊడి, గాలి వచ్చినప్పుడల్లా గోడకు కొట్టుకుంటోంది. ఠప్... ఆగుతుంది... ఠప్. లైట్లు తగ్గించేశాం. గదిలో వెలుగంతా గోడదే. అన్ని గడులూ పచ్చగా ఉన్నాయి. రైస్ మిల్లు పచ్చ, లాడ్జి పచ్చ, కాలేజీ పచ్చ. ఆ ఒక్కటే ఎరుపు.

దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే చెప్పలేను. ఇంకేం చూడను?

అప్పుడు... మెత్తటి చప్పుడు వచ్చింది.

సైటు లేచినప్పుడు వచ్చే చప్పుడు.

హేచరీ గడికి పచ్చ గీత.

నేను కుర్చీలోంచి లేవలేదు. లేవాలని కూడా తోచలేదు. బొమ్మ మారింది. షెడ్డు... రాత్రి పూట షెడ్డు. లైటు లేదు. అయినా ఏదో వెలుగు ఉంది, సన్నగా, ఎటు నుంచో తెలియదు. నేల మెరుస్తోంది. ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది... నీళ్లు. షెడ్డులోకి నీళ్లు వచ్చేశాయి.

జనరేటర్ వేశారేమో అనుకున్నాను. ఎవరో ఒకరు ఉంటేనే కదా జనరేటర్ నడిచేది అనుకున్నాను. మళ్లీ బొమ్మ ఎప్పుడు మారుతుందా అని చూస్తున్నాను. మామూలుగా ఆ కొద్ది నిమిషాలు ఎలా పోతాయో తెలియదు. ఆ రాత్రి పోలేదు. కింద రేకు కొట్టుకుంటోంది. ఠప్... ఠప్...

బొమ్మ మారింది.

చివరి తొట్టి గట్టు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

వీపు ఇటు. రెండు కాళ్లూ పైకి ముడుచుకున్నాడు. తల మీద తువ్వాలు. కదలడం లేదు... బొమ్మ కదా, కదలదు. అయినా చూస్తుంటే కావాలనే కదలకుండా కూర్చున్నట్టు అనిపించింది. మొహం తెరకు ఆనించి చూశాను. మా ఆయనే అనుకున్నాను. ఇంకెవరు ఉంటారు? అక్కడ ఉండాల్సింది ఆయనే. దేవుడి మీద ఒట్టు, ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. బతికి ఉన్నాడు, కనిపిస్తున్నాడు.

మామకు ఫోన్ చేశాను. కలవలేదు. చేస్తూనే ఉన్నాను. చివరికి ఎత్తాడు.

"మామా, ఆయన హేచరీలోనే ఉండాడు! తొట్టి గట్టెక్కి కూర్చోనుండాడు. షెడ్డులోకి నీళ్లొచ్చేసినాయి మామా!"

"నీకెవురు చెప్పినారమ్మా?"

"నేను చూస్తా ఉండా. గోడ మీద కనపడతా ఉండాడు."

"ఈడ పొద్దుగూకినప్పుట్నించీ కరెంటే లేదు గదా తల్లా... ఎట్టా కనపడతాడు?"

"అయ్యన్నీ నాకు తెలీదు. నువ్వు పో మామా. నీ కాళ్లు పట్టుకుంటా, పో!"

సముద్రం మీద బతికిన మనిషి, ఎక్కడ వాదించాలో ఎక్కడ వాదించకూడదో తెలుసు. "సరే, సుబ్బయ్య ట్రాక్టరు తీస్తా ఉండా" అని పెట్టేశాడు. సుబ్బయ్య మా ఆయనకు తమ్ముడి వరస.

ఇక చూడండి నా అవస్థ. ఆ ట్రాక్టరు ఎంత దూరం పోయిందో తెలియదు. తెలిసింది గడి ఒక్కటే. బొమ్మ మారింది. నీళ్లు ఇంకొంచెం పెరిగాయి. మనిషి అలాగే ఉన్నాడు. బొమ్మ మారింది. నీళ్లు ఇంకా పెరిగాయి. మనిషి అలాగే. "లేచి పైకెక్కు... పక్కనున్న నీళ్ల ట్యాంకు మీదికి ఎక్కు" అని తెరతో మాట్లాడుతున్నాను. గట్టిగానే అన్నానేమో, కల్యాణి అక్క ముసుగులోంచి "ఎవురితో మే?" అంది. ఆమె మళ్లీ నిద్రలోకి జారిపోయింది.

ఫోన్ మోగింది. మామ అరుస్తున్నాడు.

"దొరికినాడమ్మా! దొరికినాడు! బతికే ఉండాడు!"

నేను ఏడ్చేశాను. వెక్కి వెక్కి ఏడ్చాను. ఫోన్లో ట్రాక్టరు చప్పుడు, ఎవరో మూలుగు... ఆ మూలుగు నాకు తెలుసు. "సుమా" అన్నాడు. అంతే అనగలిగాడు.

"సరుగుడు తోపులో పడున్నాడమ్మా" అంటున్నాడు మామ. "చెట్టు ఇరిగి బండి మీద పడింది. కాలు కిందుండిపొయింది. నీళ్లు రొమ్ముదాకా వచ్చుండాయి. ఇంకాసేపైతే..."

"తోపులోనా?"

"ఆఁ. సగం దావలో. మేం హేచరీకని పోతా ఉంటే లైటు పడి కనిపించినాడు."

సగం దారిలో. హేచరీలో కాదు. సాయంత్రం నుంచీ ఆ తోపులోనే, చీకట్లో, చెట్టు కింద.

నేను మెల్లగా తల తిప్పి గోడ వైపు చూశాను.

పచ్చ గీత.

మనిషి అక్కడే కూర్చుని ఉన్నాడు.

నీళ్లు గట్టును తాకుతున్నాయి.

"మామా..." ఫోన్ చెవికి అదుముకున్నాను. "మామా, హేచరీలో ఇంకెవురో ఉండారు."

"ఎవురుండారమ్మా? పనోళ్లంతా సాయంత్రమే ఎల్లిపొయినారు. వీడే కడాకు తాళమేసినాడంట."

"ఉండారు మామా. ఇప్పుడు కూడా కనపడతా ఉండారు."

"చూడు తల్లా, వీడి కాలు నెత్తురు కారతా ఉండాది. ఆ పక్క దావ తెగిపొయింది. నీ మొగుడు దొరికినాడు గదా, ఇంకెవురి కోసం పొమ్మంటావు?"

లైన్ తెగిపోయింది.

నేను మళ్లీ చేయలేదు. అది కూడా ఉన్నదున్నట్టే చెప్తున్నాను. నా మనిషి దొరికాడు. ఆ నిమిషంలో నాకు కావలసింది అంతే. చేసినా కలిసేది కాదేమో. ఏమో.

బొమ్మ మారింది.

ఈసారి ఆ మనిషి ఇటు తిరిగి ఉన్నాడు.

మొహం కనపడలేదు. తువ్వాలు కింద చీకటి. కానీ తల పైకెత్తి ఉన్నాడు... కెమెరా వైపు... ఒక చెయ్యి లేపాడు. అరచెయ్యి తెరిచి ఉంది. రమ్మంటున్నాడా? రావద్దంటున్నాడా? ఇక చాలు, వెళ్లమంటున్నాడా? అరచెయ్యి తెరిస్తే ఇన్ని అర్థాలుంటాయని నాకు అంతకుముందు తెలియదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. అది మా ఆయన చెయ్యి కాదు. ముసలి చెయ్యి.

"అక్కా!" అని అరిచాను. "అక్కా, లెయ్యి! చూడు!"

కల్యాణి అక్క ఉలిక్కిపడి లేచింది. ఆమె కళ్లు నులుముకుని అటు తిరిగేలోపల 'టింగ్' మంది. ఎర్ర గీత. తొట్లు, మబ్బు వెలుతురు, ఇద్దరు పనివాళ్లు.

"పాత బొమ్మే గదే ఇది" అంది. నన్ను దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. "ఏడవాకు. దొరికినాడు గదా, ఏడవాకు."

తెల్లారాక మధు సార్ వచ్చారు. అంతా విన్నారు. ఎగతాళి చేయలేదు, అది ఆయన మంచితనం. మిషను ముందు కూర్చుని గోడ రాత్రంతా రాసుకున్న గుర్తులన్నీ తీసి చూశారు. సాయంత్రం నుంచీ తెల్లవార్లూ ఎరుపే ఉంది. ఒక్కసారి కూడా పచ్చ కాలేదు. "తిండి లేదు, నిద్ర లేదు, భర్త కోసం దిగులు. పాత బొమ్మను అంతసేపు చూస్తే కళ్లు ఏవేవో చూపిస్తాయమ్మా" అన్నారు. కావచ్చు. నేనే ఇంకొకరికి చెప్పాల్సి వస్తే అలాగే చెప్పేదాన్ని.

కానీ ఆస్పత్రిలో మా ఆయన ఇంకో మాట చెప్పాడు. సర్దిన సామాన్లలో ఆ కెమెరా కూడా ఉంది. ఉప్పుగాలికి పాడవుతుందని విప్పేసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, తన సంచిలో వేసుకున్నాడు. ఆ సంచి రాత్రంతా తోపులో ఆయన వీపునే ఉంది.

నీళ్లు తీశాక మామ, సుబ్బయ్య వెళ్లి హేచరీ చూసి వచ్చారు. వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల తొట్టి గట్టు పైదాకా బురద గీత. మనిషి లేడు. మనిషి ఉన్న ఆనవాలూ లేదు. చుట్టుపక్కల ఊళ్లలో అడిగించాను. తప్పిపోయిన వాళ్లెవరూ లేరన్నారు. ఓనరుకు చెప్పబోతే గయ్‌మన్నాడు. "ఇట్టాంటి మాటలు పుట్టించొద్దమ్మా, కొనేవోళ్లు ఒక్కడు రాడు" అన్నాడు. నేను ఆ మాట ఎత్తితే మామ మాత్రం లేచి బయటికి పోతాడు.

మా ఆయనకు ఇదంతా నవ్వులాట. ఇప్పుడు కొంచెం కుంటుతాడు, నోరు మాత్రం ఏం తగ్గలేదు. "యెవుణ్నో చూసి మొగుడనుకొని ఏడ్చినావు గదమే" అంటాడు. ఆ 'యెవుణ్నో' లేకపోతే ట్రాక్టరు కదిలేది కాదు, నువ్వూ మిగిలేవాడివి కాదు అంటే, "సరేలే, దండం పెడతా" అని రెండు చేతులూ ఎత్తుతాడు. నాకు నవ్వు రాదు. ఎవరో నా మనిషిని నాకు ఇచ్చి, తను ఆ నీళ్లలో ఉండిపోయారనిపిస్తుంది. మళ్లీ అంతలోనే, ఉత్త పాత బొమ్మ, నా కళ్ల భ్రమ అనిపిస్తుంది. పొద్దున ఒకటి నమ్ముతాను, రాత్రి ఇంకొకటి నమ్ముతాను.

మొన్న మళ్లీ తుఫాను హెచ్చరిక వచ్చింది. ఈసారి నేను సెలవు పెట్టి ముందే ఊరికి పోయాను. చీకటి పడకముందే మా ఆయన షెల్టర్‌కు వచ్చేశాడు. సుబ్బయ్య ట్రాక్టరు మీద వచ్చాడు. ఆయన అటు తిరగగానే సుబ్బయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"వదినా, అన్న ఈ పొద్దు ఎందుకో ఒక మాదిరిగా ఉండాడు. తాళమేసి ట్రాక్టరెక్కినాడు. మళ్లా దిగిపొయి తలుపు తీసినాడు. షెడ్డు షెడ్డుకీ తిరిగి అరిచినాడు. 'ఎవురన్నా ఉండారా? మేం పోతా ఉండాం, ఉంటే రాండి' అని. వానలో తడస్తా అరిచినాడు వదినా."

ఆ రాత్రి షెల్టర్‌లో చాప మీద పక్కపక్కనే పడుకున్నాం. పిల్లలు ఏడుస్తున్నారు, ఎవరో దగ్గుతున్నారు, బయట గాలి. ఆయన చెవిలో అడిగాను.

"ఎందుకట్టా అరిచినావు?"

"ఊరికే."

"ఎవురన్నా పలికినారా?"

దుప్పటి లాక్కుని అటు తిరిగాడు. నిద్రపోయాడనుకున్నాను. చాలాసేపటికి, అటు తిరిగే, మెల్లగా అన్నాడు.

"తలుపు తీసే పెట్టొచ్చినా."